సీపాప్ అటకెక్కకుండా ఉండాలంటే

జగ్గయ్యపేట, నందిగామ వైపు గురకను జబ్బు కింద లెక్కేయడం ఈమధ్యే మొదలైంది. ఇన్నాళ్లూ అది నవ్వుకోవడానికి పనికొచ్చిన సంగతి. పెళ్లి విడిదిలో ఎవరి పక్కన పక్క వేసుకోకూడదో ముందే చెవిలో ఊదుకునేవాళ్లు. "ఆయనకేం, తల దిండుకి ఆనగానే గుర్రుపెడతాడు" అంటే అదృష్టవంతుడని అర్థం. ఇప్పుడు బీపీకో, షుగరుకో, గుండెకో విజయవాడ వెళ్తే డాక్టరు గురక సంగతి కూడా అడుగుతున్నాడు. అనుమానం వస్తే ఒక రాత్రి ఒంటికి వైర్లు తగిలించి నిద్ర పరీక్ష చేస్తున్నారు. రిపోర్టులో స్లీప్ ఆప్నియా అని తేలితే చీటీలో రాసేది మాత్ర కాదు, మెషిన్. దాని పేరు సీపాప్. నలభై వేలకు అటూ ఇటూ పోసి కొని, 65వ నంబరు జాతీయ రహదారి మీద కారు డిక్కీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు.

ఆ పెట్టె ఇంటికొచ్చాక ఏమవుతుందన్నదే ఈ వ్యాసం. కొన్నవాళ్లందరూ వాడరు. కొందరు రెండు రాత్రులు పెట్టుకుని తీసేస్తారు. కొందరు నెలా రెండు నెలలు తంటాలు పడి బీరువా మీద పెట్టేస్తారు. ఇది మన మెట్ట ప్రాంతపు బద్ధకమేమీ కాదు. సిడ్నీ, ఫిలడెల్ఫియా, ఎడిన్‌బరో డాక్టర్లు నలభై ఏళ్లుగా దీనితోనే కుస్తీ పడుతున్నారు. వాళ్లు తేల్చిన వాటిలో మనకు అక్కరకొచ్చేవేవి, మనకు మనమే తేల్చుకోవాల్సినవేవి అన్నది చూద్దాం.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. నిద్రలో కండరాలు వదులవుతాయి. నాలుక మొదలు, కొండనాలుక చుట్టూ ఉండే మెత్తటి కండ వెనక్కి జారి గొంతు దారి మూసుకుంటుంది. కనీసం పది సెకన్ల పాటు గాలి ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది, పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. గంటకు ఇలా 5 సార్లు దాటితే జబ్బు అంటారు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు 60 సార్లు ఆగేవాళ్లూ ఉన్నారు. పొద్దున లేచాక వాళ్లకు ఇదేమీ గుర్తుండదు. తల బరువు, పగలంతా తూగు, ఊరికే చిరాకు, ఎన్ని మాత్రలు మింగినా దిగని బీపీ మాత్రం మిగులుతాయి.

ఇది ఎంతమందికి ఉందో అన్నదానిమీద మన దేశంలో తొలి గట్టి లెక్క 2004లో ముంబయి నుంచి వచ్చింది. 35 నుంచి 65 ఏళ్ల మధ్య మగవాళ్లలో నూటికి 7.5 మందికి లక్షణాలతో సహా జబ్బు ఉందని ఉద్వాడియా బృందం చెప్పింది. దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2023లో వేసిన అంచనా ఇంకా పెద్దది: పెద్దవాళ్లలో నూటికి 11 మంది, పనిచేసే వయసులో ఉన్నవాళ్లే సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహరి పోయినప్పుడు ఆసుపత్రి వైద్యులు చెప్పిన కారణం ఈ జబ్బే. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలకు ఊగిపోయిన తెలుగువాళ్లలో చాలామంది ఆ పేరు వినడం అదే మొదలు. ఆ మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు బైడెన్ ముఖం మీద పట్టీల గుర్తులు చూసి విలేకర్లు ఆరా తీస్తే, ఆయన రాత్రిపూట సీపాప్ వాడుతున్నారని శ్వేతసౌధం చెప్పాల్సి వచ్చింది. మెషిన్ పెట్టుకోవడానికి నామోషీ పడే మన పెద్దమనుషులకు ఈ సంగతి చెప్పి చూడవచ్చు.

మెషిన్ పుట్టుక ముచ్చటగా ఉంటుంది. 1980లో సిడ్నీలో కాలిన్ సలివన్ దగ్గరికి జబ్బు బాగా ముదిరిన ఒక భవన నిర్మాణ కార్మికుడు వచ్చాడు. అప్పటికి ఉన్న వైద్యం గొంతుకు రంధ్రం పెట్టడం ఒక్కటే. ఆ మనిషి అది వద్దన్నాడు గానీ, సలివన్ ముక్కులోంచి గాలి ఊది చూస్తానంటే ఒక రాత్రికి ఒప్పుకున్నాడు. గాలి పోసిన ట్యూబు ముడుచుకోనట్టే, మెల్లటి గాలి ఒత్తిడికి గొంతు దారి మూసుకోకుండా నిలబడింది. ఆ రాత్రి అతను గాఢంగా నిద్రపోయాడు. మరుసటి ఏడాది, 1981లో, ఐదుగురు రోగుల అనుభవంతో 'లాన్సెట్' పత్రికలో వ్యాసం వచ్చింది. తొలి రోగులు ఏ రాత్రికి ఆ రాత్రి మాస్కును జిగురుతో ముక్కుకు అంటించుకుని, వాక్యూమ్ క్లీనర్ అంత రొద చేసే మోటారు పక్కన పడుకునేవాళ్లు. అయినా వాడారు. ఈరోజు మెషిన్ చేతిసంచీలో పడుతుంది, ఫ్యాను చప్పుడులో దాని చప్పుడు కలిసిపోతుంది. అయినా మానేస్తున్నారు. అంటే చిక్కు మెషిన్ మోటుతనంలోనే ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

రోగి నోటిమాట మీద ఆధారపడ్డంతకాలం ఈ చిక్కు బయటపడలేదు. "వాడుతున్నారా?" అంటే "ఆ, వాడుతున్నానండీ" అనేవాళ్లు. 1993లో ఫిలడెల్ఫియాలో క్రిబ్స్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 35 మంది మెషిన్లలో గంటలు లెక్కించే మీటరు పెట్టారు. రోజూ వాడుతున్నామని చెప్పినవాళ్లు నూటికి 60 మంది. నూటికి 70 రోజులైనా, రోజుకు కనీసం 4 గంటలు నిజంగా వాడినవాళ్లు నూటికి 46 మంది. ఆ అధ్యయనంలో లెక్క సౌకర్యం కోసం పెట్టుకున్న ఆ 4 గంటల గీతే తర్వాత అమెరికా బీమాకు కొలబద్ద అయింది. అక్కడ మెడికేర్ మొదటి మూడు నెలల్లో ఏదో ఒక 30 రోజుల పాటు ఆ గీత దాటి చూపించమంటుంది, లేకపోతే మెషిన్‌కు డబ్బు ఆపేస్తుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ నిబంధన బాగా తెలుసు. ఇక్కడ మాత్రం మెషిన్ కొన్నది మన డబ్బుతోనే, వాడారో లేదో అడిగే నాథుడు లేడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు సీజీహెచ్ఎస్ కొంత పరిమితి దాకా ఖర్చు తిరిగి ఇస్తుంది. పత్తి రైతుకూ లారీ డ్రైవరుకూ ఆ వెసులుబాటు ఉండదు.

4 గంటలు చాలా అంటే చాలవు. 2007లో వీవర్ బృందం గంటలను బట్టి ఫలితం లెక్కేసింది. పగటి తూగు తగ్గిందని మనిషికి అనిపించడానికి 4 గంటలు సరిపోవచ్చు. తూగును పరీక్షలో కొలిస్తే 6 గంటలు కావాలి. రోజువారీ పనులు మామూలు మనిషిలా చేసుకోవడానికి ఏడున్నర గంటల దాకా పడుతుంది. ఇక గుండెపోటు, పక్షవాతం సంగతి. 2016లో వచ్చిన సేవ్ ట్రయల్ పెద్ద దెబ్బ కొట్టింది. మన దేశం కూడా పాలుపంచుకున్న ఆ అధ్యయనంలో 2,717 మంది ఉన్నారు. సీపాప్ ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ గుండె జబ్బుల్లో తేడా కనిపించలేదు. "చూశారా, మెషిన్ దండగ" అన్నవాళ్లు చాలామందే. కానీ అందులో రోగులు సగటున వాడింది రాత్రికి 3.3 గంటలే. 2023లో మూడు ట్రయళ్లను కలిపి, 4,186 మంది వివరాలు విడివిడిగా చూస్తే, 4 గంటలు, ఆపైన వాడినవాళ్లలో గుండె, మెదడు దెబ్బలు నూటికి 31 వంతులు తక్కువగా ఉన్నాయి. దీన్నీ కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. మెషిన్ క్రమంగా వాడేవాడు బీపీ మాత్ర కూడా క్రమంగానే వేసుకుంటాడు, ఏది ఎంత కాపాడిందో విడదీయడం కష్టం. నా మటుకు నేను తూగు, బీపీ, రోడ్డు ప్రమాదాల విషయంలో మెషిన్‌ను గట్టిగా నమ్ముతాను. గుండె విషయంలో ఆశ పెట్టుకుంటాను, హామీ ఇవ్వను.

అసలు తేలిన విషయం వేరే ఉంది. ఈ నలభై ఏళ్లలో కంపెనీలు మెషిన్‌ను ఎన్నో రకాలుగా మెరుగుపరిచాయి. ఒత్తిడి తనంతట తానే సర్దుకునే ఆటో మెషిన్లు వచ్చాయి. గాలికి తేమ, వెచ్చదనం కలిపే హ్యుమిడిఫయర్లు వచ్చాయి. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గించే ఏర్పాట్లు వచ్చాయి. వీటివల్ల వాడకం ఎంత పెరిగిందని, వైద్య అధ్యయనాలను గుదిగుచ్చి చూసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2019లో లెక్కలు తీశారు. ఆటో మెషిన్ రాత్రికి సుమారు 13 నిమిషాలు పెంచింది. హ్యుమిడిఫయర్ అరగంట లోపే. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గించే ఏర్పాటుతో చెప్పుకోదగ్గ తేడా లేదు. మరుసటి ఏడాది అదే కోక్రేన్ 41 అధ్యయనాలు, 9,005 మంది రోగులతో ఇంకో సమీక్ష చేసింది. ఈసారి చూసింది మెషిన్లను కాదు, రోగితో కూర్చుని మాట్లాడటాన్ని. జబ్బు గురించి విడమర్చి చెబితే 50 నిమిషాల దాకా, తరచూ పలకరించి సాయం చేస్తే 40 నిమిషాల దాకా పెరిగింది. భయాలు, అపోహలు బయటికి లాగి, రోగితోనే లక్ష్యం పెట్టించే మానసిక పద్ధతులతో ఏకంగా గంటా 18 నిమిషాలు.

ఈ రెండు సమీక్షలనూ పక్కపక్కన పెట్టి చదివితే డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసిపోతుంది. మనం పెడుతున్నది మాత్రం మొదటిదాని మీదే. పది వేలు ఎక్కువ పోసి పై మోడల్ కొంటాం, ఐదు వందలు ఫీజిచ్చి వారం తర్వాత మళ్లీ డాక్టరుకు చూపించుకోం.

1994 నుంచి 2015 దాకా వచ్చిన అధ్యయనాలను రోటెన్‌బర్గ్ బృందం గుదిగుచ్చి చూస్తే ఇరవై ఏళ్లలో వాడకం రేటు పెద్దగా కదల్లేదని తేలింది. మెషిన్లు మారినా మనుషులు మారలేదు.

మనుషులు ఎందుకు మానేస్తారన్నది ఇక్కడి ఇళ్లల్లోకి వచ్చి చూడాలి. పుస్తకాల్లో రాసే కారణాలు నాలుగే ఉంటాయి, ఇక్కడ పద్నాలుగు కనిపిస్తాయి.

మొదటిది భయం. కొవిడ్ రోజుల్లో ముఖానికి మాస్కు బిగించి గాలి పెట్టిన మనిషి తిరిగి రాకపోవడం ప్రతి వీధీ చూసింది. ఇప్పుడు మామగారి ముఖానికి అలాంటిదే తగిలిస్తే ఇంట్లో ఆడవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. "ఆయనకు ఆక్సిజన్ పెట్టారంట" అని పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చేస్తారు. సీపాప్‌లో ఆక్సిజన్ సిలిండరు ఉండదు, గదిలో గాలినే కొంచెం ఒత్తిడితో పంపుతుంది, ఇది ప్రాణం పోతున్నప్పుడు పెట్టే మెషిన్ కాదు అన్న మూడు ముక్కలు డాక్టరు చెప్పినా భార్య చెవిన పడవు, ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది కాబట్టి. 1999లో ఎడిన్‌బరోలో చేసిన పరీక్ష దీనికి గట్టి సాక్ష్యం. రోగికీ జీవిత భాగస్వామికీ కలిపి ఇంటి దగ్గరే బోధించి, తర్వాత నర్సు ఇంటికెళ్లి చూసివస్తే, ఆరు నెలల తర్వాత వాడకం రాత్రికి 3.9 గంటలకు బదులు 5.4 గంటలు ఉంది. భార్యను లోపలికి పిలవడానికి పైసా ఖర్చు లేదు.

రెండోది కరెంటు. "మధ్యరాత్రి కరెంటు పోతే ఊపిరాడక పోతానేమో" అన్న అనుమానం చాలామందిని పీడిస్తుంది. పోరు. ముక్కు మీద పెట్టే మాస్కయితే నోరు తెరిస్తే చాలు. ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కుకు బయటి గాలి వచ్చే కవాటం ఉంటుంది. మెషిన్ తినే కరెంటు తక్కువే, ఇంట్లో ఇన్వర్టరు ఉంటే తేలిగ్గా లాగుతుంది. నీళ్లు వేడిచేసే హ్యుమిడిఫయర్ మాత్రమే కాస్త ఎక్కువ తింటుంది, కరెంటు కోతల రోజుల్లో దాన్ని కట్టేసుకోవచ్చు. ఎండాకాలం డాబా మీద పడుకునే అలవాటున్నవాళ్లు ఆ మూడు నెలలూ మెషిన్ మానేస్తామంటారు. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఒక చిన్న స్టూలు ఉంటే డాబా మీద కూడా నడుస్తుంది. స్టూలు దిండు కంటే కిందికి ఉండాలి, లేకపోతే హ్యుమిడిఫయర్ నీళ్లు గొట్టంలోకి దిగుతాయి. దోమతెర కట్టుకున్నా గొట్టానికి అడ్డం రాదు.

నీళ్ల గొడవ కూడా ఉంది. మన బోరు నీళ్లు పోస్తే హ్యుమిడిఫయర్ అడుగున వారం తిరక్కుండా తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. కాచి చల్లార్చితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే పోయాలి, రోజూ పొద్దున్నే మిగిలినవి పారబోసి తొట్టి ఆరబెట్టాలి. ఇంత తతంగం వద్దనుకుంటే, ముక్కు ఎండనివాళ్లు అది లేకుండా కూడా నడపవచ్చు.

ఇక దుమ్ము. నందిగామ, కంచికచర్ల పల్లెల్లో మిర్చి కల్లాల రోజుల్లో ఇంట్లో గాలి పీలిస్తేనే తుమ్ములు. జయంతీపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, రహదారి పక్కన లారీల దుమ్ము. మెషిన్ వెనక చిన్న ఫిల్టరు ఉంటుందని, దాన్ని మార్చాలని కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. అది మూసుకుపోతే గాలి సరిగా రాదు, "మెషిన్ పాడైంది" అంటారు. మిర్చి ఘాటుకు ముక్కు దిబ్బడేస్తే నోటితో పీలుస్తారు, నోరు పిడచగట్టుకుపోతుంది, అర్ధరాత్రి మాస్కు పీకేస్తారు. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి స్ప్రే, డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే ఉన్నాయి. ముక్కు బాగుచేయకుండా మెషిన్ అంటగట్టడం నా దృష్టిలో సగం వైద్యమే.

మాస్కు సంగతి చివరికి చెబుతున్నా, ఎక్కువ కష్టం దానితోనే. గుబురు మీసం కింద సిలికాన్ అతుక్కోదు, గాలి కారి కంట్లోకి కొడుతుంది. పడుకోబోయే ముందు తలకూ ముఖానికీ నూనె రాసుకునేవాళ్లకు మాస్కు జారిపోతుంది, నూనె తగిలిన సిలికాన్ త్వరగా పాడవుతుంది కూడా. కట్టుడు పళ్లు తీసి పడుకునే పెద్దవాళ్లకు బుగ్గలు లోపలికి పోయి అంచు కుదరదు. నోరు తెరిచి పడుకుంటాడు కదా అని దుకాణదారు ముక్కూ నోరూ మూసే పెద్ద మాస్కు ఇచ్చేస్తాడు. పరిశోధనలు దీనికి ఎదురు చెబుతున్నాయి. ముక్కు మీద మాత్రమే కూర్చునే మాస్కులతోనే వాడకం బాగుంటోంది, అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మొదట అదే ఇవ్వమంటున్నాయి. పట్టీలు ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవడం ఇంకో పొరపాటు. ముక్కు దూలం మీద పుండు పడితే మూడో రోజుకు ఆ మాస్కు మళ్లీ ముట్టుకోరు. మాస్కు పెడితే ఊపిరాడనట్టు కంగారుపడేవాళ్లు పగటిపూట, టీవీ సీరియల్ చూస్తూ, మొదట మెషిన్ ఆపి, తర్వాత నడిపి, కాసేపు కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకోవాలి. పెద్ద విద్యేమీ కాదు గానీ, ఎవరో ఒకరు చెప్పాలి.

ఆడవాళ్ల సంగతి ఇంకా చీకట్లోనే ఉంది. ముట్లుడిగాక ఈ జబ్బు వాళ్లలో బాగా పెరుగుతుంది. వాళ్లు గురక అని చెప్పరు, "నిద్ర పట్టడం లేదు, నీరసం, తలనొప్పి" అంటారు. రక్తహీనతకో, థైరాయిడ్‌కో మందు రాసి పంపిస్తారు. ఒకవేళ జబ్బు బయటపడి మెషిన్ కొన్నా, కోడలి ముందు, మనవళ్ల ముందు ముఖానికి గొట్టం తగిలించుకోవడానికి సిగ్గుపడి మానేసేవాళ్లు ఎక్కువ. మగవాడికి భార్య గుర్తుచేస్తుంది, ఆమెకు గుర్తుచేసేదెవరు?

మొదటి వారం మీద పరిశోధకులకు పట్టింపు ఎందుకో ఇప్పుడు చెప్పాలి. 1997లో వీవర్ బృందం రాత్రి రాత్రికీ వాడకం నమోదుచేసింది. రోజూ వాడబోయేవాళ్లు, విడిచిపెట్టబోయేవాళ్లు నాలుగో రోజుకల్లా రెండు దారులు పట్టారు. తర్వాత మూడు నెలలూ ఎవరి దారిలో వాళ్లే. మనవాళ్లకు డాక్టరు రాసే పునఃపరీక్ష నెల రోజులకు ఉంటుంది. అంటే నిర్ణయం జరిగిపోయిన మూడున్నర వారాలకు. దుకాణదారు ఇంటికొచ్చి, ప్లగ్గు పెట్టి, బటన్ చూపించి, బిల్లు తీసుకుని విజయవాడ బస్సు ఎక్కుతాడు. ఆ రోజుతో అతని పని అయిపోతుంది, రోగి పని ఆ రోజే మొదలవుతుంది.

ఇదే దేశం ఇంకో జబ్బు విషయంలో ఇలా ప్రవర్తించలేదు. క్షయకు ఇంటికి మందులిచ్చి పంపిస్తే వాడతారా, శానటోరియంలో పెట్టి మింగించాలా అన్న ప్రశ్న 1950ల్లో గట్టిగానే నడిచింది. మదనపల్లె ఆరోగ్యవరంలో 1915 నుంచి శానటోరియం ఉంది. 1956లో మద్రాసులో మొదలైన పరీక్ష, ఇంటి దగ్గర వైద్యం శానటోరియానికి ఏమాత్రం తీసిపోదని తేల్చింది. కానీ మందు క్రమంగా వాడించే మనిషి ఉండాలన్న పాఠం కూడా దాంతోనే వచ్చింది. ఈరోజు జగ్గయ్యపేటలో క్షయ అని తేలితే ఆశా కార్యకర్తకు పేరు తెలుస్తుంది, ఫోన్ వస్తుంది, తిండికి ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు వేస్తుంది. మందు మానేస్తే ఇంటికొచ్చి అడుగుతారు. స్లీప్ ఆప్నియా అంటురోగం కాదు కాబట్టి అంత యంత్రాంగం పెట్టరు, సరే. అందులో పదో వంతు పలకరింపు కూడా లేకపోవడమే నా ఫిర్యాదు.

ఆ పలకరింపు డాక్టరే చేయనక్కర్లేదు. 2007లో ఆస్ట్రేలియాలో రిచర్డ్స్ బృందం వంద మంది రోగులను తీసుకుంది. సగం మందికి మామూలు బోధన. మిగతా సగాన్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, గంట చొప్పున రెండు సమావేశాలు, భార్యాభర్తలను కూడా పిలిచి. 28 రోజుల తర్వాత మామూలు బోధన వాళ్లు రాత్రికి రెండున్నర గంటలు వాడుతుంటే, గుంపులో కూర్చున్నవాళ్లు ఐదు గంటల పైన వాడుతున్నారు. అరిజోనాలోని టూసన్‌లో సాయిరాం పార్థసారథి బృందం ఇంకో అడుగు ముందుకేసి, బాగా వాడుతున్న పాత రోగినే కొత్త రోగికి తోడుగా ఇచ్చింది. వాడకం పెరిగింది, రోగులకూ నచ్చింది. ఈ రెండూ మనకు సరిగ్గా సరిపోయే పద్ధతులు. నెలకో ఆదివారం, నందిగామ ప్రభుత్వాసుపత్రి వరండా చాలు. మెషిన్ వాడుతున్న బడిపంతులు ఒకాయన తన మాస్కు ఎలా కడుగుతాడో చూపిస్తే, కంపెనీ వీడియో కంటే బాగా ఎక్కుతుంది.

ఫోన్ మీద నిఘా సంగతేంటి? అమెరికాలో కైజర్ పర్మనెంటే వాళ్లు 1,455 మందితో చేసిన పరీక్ష 2018లో వచ్చింది. మెషిన్ దానంతట అదే పంపే లెక్కను బట్టి రోగికి మెసేజ్ వెళ్తుంది: నిన్న వాడలేదు, లేదా నిన్న బాగా వాడారు. దానికి వీడియో పాఠం కూడా కలిపితే వాడకం 3.8 నుంచి 4.8 గంటలకు పెరిగింది. మెసేజ్‌లు ఆపాక ఆ లాభం కరిగిపోయింది. మన దగ్గర ఇంకో తంతు నడుస్తోంది. అమెరికాలో కొడుకు తండ్రికి మెషిన్ కొని పంపించి, యాప్‌లో లెక్క చూసుకుంటూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు. "నాన్నా, రాత్రి రెండు గంటలే పెట్టుకున్నావు." ప్రేమతోనే చేస్తాడు. తండ్రికి మాత్రం అది తనిఖీ. నాలుగు రోజులయ్యాక ప్లగ్గు పీకి, వైఫై పోయిందంటాడు. ఎన్ని గంటలు అని అడిగే బదులు "మాస్కు ఎక్కడ ఒత్తుతోంది?" అని అడిగే కొడుకు ఎక్కువ సాధిస్తాడు. యాప్ లేని మెషిన్లలో మెమరీ కార్డు ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అది జేబులో వేసుకెళ్తే చాలు, గాలి ఎంత కారుతోందో, ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో అన్నీ అందులో ఉంటాయి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక వర్గం ఉంది. సిమెంటు లారీలు, టిప్పర్లు, హైదరాబాదు–విజయవాడ మధ్య రాత్రి బస్సులు నడిపేవాళ్లు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర తెల్లవారుజామున నిలబడితే వాళ్ల కళ్లు చూడవచ్చు. 2016లో అమెరికాలో లారీ డ్రైవర్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. కంపెనీయే పరీక్ష చేయించి మెషిన్ ఇచ్చినా వాడనివాళ్లు, జబ్బు లేనివాళ్ల కంటే ఐదు రెట్లు ఎక్కువగా పెద్ద ప్రమాదాలు చేశారు. వాడినవాళ్లలో ఆ తేడా లేదు. మన డ్రైవర్లకు కంటి పరీక్షల శిబిరాలు పెడుతూనే ఉంటారు. అక్కడే మెడ చుట్టుకొలతకు ఒక టేపు, గురక, పగటి తూగు మీద రెండు ప్రశ్నలు చేర్చితే ఖర్చేమీ పెరగదు. జబ్బుందంటే ఉద్యోగం పోతుందన్న భయం వాళ్లకుంటుంది. మెషిన్ వాడినవాణ్ని బండి మీదే ఉంచుతామని యజమానులు ముందే మాటివ్వకపోతే ఒక్కడూ నిజం చెప్పడు. లారీ క్యాబిన్‌లో నడిపే చిన్న మెషిన్లూ, బ్యాటరీ ఏర్పాట్లూ ఉన్నాయి, వాటికి యజమాని సగం భరించినా ఒక ప్రమాదం ఖర్చు కంటే తక్కువే.

అందరికీ మెషినే గతి అని కూడా అనను. స్వల్పంగా ఉన్నవాళ్లు బరువు తగ్గి, రాత్రి తాగుడు మానేసి, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకుంటే చాలామటుకు సర్దుకుంటుంది. కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం పళ్ల డాక్టర్లు తయారుచేస్తారు, మెషిన్ ససేమిరా అనేవాళ్లకు అది మంచి మార్గం. 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్‌ను ఊబకాయంతో పాటు ఈ జబ్బు ఉన్నవాళ్లకు అనుమతించింది, 2025లో ఆ మందు మన దేశానికీ వచ్చింది. ధర మాట అలా ఉంచితే, బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, ఈలోపు రాత్రులు గడవాలి కదా. ఇంకో హెచ్చరిక: చవగ్గా వస్తుందని పాత మెషిన్ కొనేవాళ్లు మోడలు చూసుకోండి. శబ్దం తగ్గించడానికి వాడిన నురుగు పొడిపొడిగా రాలుతోందని ఫిలిప్స్ 2021 జూన్‌లో లక్షల మెషిన్లను వెనక్కి పిలిచింది. అలాంటివి ఇప్పటికీ చేతులు మారుతూ ఉండవచ్చు.

ఎన్టీఆర్ జిల్లా వైద్య అధికారులను అడగాల్సింది పెద్దదేమీ లేదు. ఊళ్లల్లో బీపీ, షుగరు, క్యాన్సరు పరీక్షలకు ఇంటింటికీ వెళ్తున్న సిబ్బంది అడిగే ప్రశ్నల్లో గురకను చేర్చండి. విజయవాడ పెద్దాసుపత్రిలోనో ప్రైవేటులోనో మెషిన్ రాసిన ప్రతి రోగి పేరు, అతని ఊరి ఏఎన్ఎంకు చేరే ఏర్పాటు చేయండి. మూడో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి ఆమె ఫోన్ చేసి మాస్కు గురించి అడిగితే చాలు. డాక్టర్లకు ఒక్క మాట: పునఃపరీక్ష తేదీ నెలకు కాకుండా వారానికి రాయండి, భార్యనో భర్తనో లోపలికి పిలిచి మాట్లాడండి.

కొనబోయేవాళ్లకు కూడా ఒక మాట. ఏ కంపెనీ, ఏ మోడల్ అని రోజుల తరబడి తర్జనభర్జన పడకండి, వాటి మధ్య తేడా నిమిషాల్లోనే ఉంటుంది. అమ్మేవాణ్ని రెండు సంగతులు అడగండి. మాస్కు కుదరకపోతే వారంలోపు మార్చి ఇస్తావా? మొదటి వారం నాకు ఫోన్ చేసి కనుక్కునేదెవరు? రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే ఇంకో దుకాణం చూసుకోండి.